ఆటమైదానం – రాజకీయ వ్యంగ్యచిత్రం: బొబ్బిలి, విజయనగరం సంస్థానాల చరిత్ర నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

అంతర్జాతీయ క్రీడాపోటీలు పత్రికల్లోని రాజకీయ వ్యంగ్యచిత్రానికి తరగని వస్తువులు. నాయకుణ్ణి బ్యాట్స్‌మన్‌గా, ఎన్నికను పరుగుపందెంగా, సంక్షోభాన్ని బౌన్సర్‌గా చూపే పద్ధతి నేటి తెలుగు పాఠకుడికి బాగా పరిచితం. ఈ పద్ధతికి తెలుగు భాషలోనూ, కథాసంప్రదాయంలోనూ ఉన్న మూలాలను గుర్తించడం, 1925 నాటి డేవిడ్ లో వ్యంగ్యచిత్రం నుండి నేటి వరకు దాని గమనాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. 1936లో విజయనగరం మహరాజ్‌కుమార్ భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించడం, 1937లో బొబ్బిలి రాజా ఎన్నికల్లో ఓడిపోవడం అనే రెండు సంఘటనలను పక్కపక్కన ఉంచి, క్రీడారూపకం రాజకీయాల్లో దేనిని చూపుతుందో, దేనిని మరుగుపరుస్తుందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: వ్యంగ్యచిత్రం, క్యారికేచర్, క్రీడారూపకం, బొబ్బిలి, విజయనగరం, క్రికెట్, ఎన్నికలు, పత్రికలు.

1. ఉపోద్ఘాతం:

బొబ్బిలి పేరు చెప్పగానే తెలుగువారికి ముందుగా యుద్ధం గుర్తుకు వస్తుంది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం, విజయనగర ప్రభువు విజయరామరాజు బలగాలు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించాయి. ఆ పోరులో రంగారావు, ఆ తరువాత తాండ్ర పాపారాయుని చేతిలో విజయరామరాజు మరణించారు. 1891లో బొబ్బిలిలో వెలసిన స్మారకస్తంభం, బుర్రకథలు, 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' చలనచిత్రం ఈ ఘట్టాన్ని జనస్మృతిలో నిలిపాయి. నేటికీ హోరాహోరీగా సాగే ఏ పోటీనైనా 'బొబ్బిలి యుద్ధం' అనడం వాడుకలో ఉంది.

ఆ రెండు సంస్థానాల వారసులు ఇరవయ్యో శతాబ్దంలో కత్తులు వదిలి వేరే రంగాల్లో నిలబడ్డారు. ఒకరు క్రికెట్ మైదానంలో, మరొకరు శాసనసభా రాజకీయాల్లో. ఇద్దరి జీవితాల్లోనూ కీలకఘట్టాలు 1936–37 సంవత్సరాల్లోనే వచ్చాయి. ఆట రాజకీయమైన తీరును, రాజకీయం ఆటగా కనిపించిన తీరును పరిశీలించడానికి ఉత్తరాంధ్ర చరిత్రలో ఇంతకంటే అనువైన సందర్భం లేదు.

2. వ్యంగ్యచిత్రం – స్వరూపం:

'కార్టూన్' అనే మాటకు ఇటాలియన్ భాషలో మందపాటి కాగితం అని అర్థం. గోడచిత్రాలకు ముందుగా అట్టపై గీసుకొనే నమూనాకు ఆ పేరుండేది. 1841లో లండన్‌లో మొదలైన 'పంచ్' పత్రిక, 1843లో పార్లమెంటు భవనపు గోడచిత్రాల నమూనాల ప్రదర్శనను ఎగతాళి చేస్తూ జాన్ లీచ్ గీసిన బొమ్మకు ఆ మాటను వాడింది. అప్పటి నుండి అది వ్యంగ్యచిత్రానికి పేరుగా స్థిరపడింది. 'క్యారికేచర్' అనే మాటకు మూలమైన ఇటాలియన్ క్రియకు బరువెక్కించడం అని అర్థం. ఒక మనిషి రూపంలోని ఏదో ఒక లక్షణంపై మోయలేనంత బరువు పెట్టి చూపడమే క్యారికేచర్.

ఈ కళ మన అలంకారశాస్త్రానికి కొత్తది కాదు. భరతుడు హాస్యరసానికి విభావాలుగా వికృతవేషాన్ని, వికృతచేష్టలను పేర్కొన్నాడు. క్యారికేచర్‌కు ప్రాణం అతిశయోక్తి అయితే, క్రీడా వ్యంగ్యచిత్రానికి ప్రాణం రూపకం. పొగుడుతున్నట్టే తెగిడే వ్యాజస్తుతి కూడా ఇందులో తరచుగా కనిపిస్తుంది. మంత్రికి స్వర్ణపతకం తొడిగి, అది ఏ 'క్రీడ'లో వచ్చిందో పీఠం మీద రాసి చూపడం అటువంటిదే.

లక్నోలో 1877లో వెలువడిన 'అవధ్ పంచ్', 1906 నుండి సుబ్రహ్మణ్య భారతి సంపాదకత్వంలో వచ్చిన తమిళ వారపత్రిక 'ఇండియా' వంటివి ఈ కళను మన దేశ భాషల్లోకి తెచ్చాయి. తెలుగులో తొలి వ్యంగ్యచిత్రకారుడిగా పేరు పొందినవారు తలిశెట్టి రామారావు. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో స్థాపించిన 'భారతి' మాసపత్రికలో ఆయన బొమ్మలు వెలువడ్డాయి. ఆయన పుట్టినరోజైన మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

3. ఆట – రాజ్యం: తెలుగు మూలాలు:

రాజ్యాన్ని ఆటలో పణంగా పెట్టడం మన కథాసంప్రదాయంలో బలమైన ఘట్టం. భారతంలో ధర్మరాజు పాచికలాటలో రాజ్యాన్ని పోగొట్టుకొన్నాడు. పల్నాటి వీరచరిత్రలో బ్రహ్మనాయుడు, నాగమ్మల మధ్య జరిగిన కోడిపోరు ప్రవాసానికి, యుద్ధానికి దారితీసింది. ఈ రెండు కథల్లోనూ ఆట వినోదం కాదు. యుద్ధం రాబోతున్నదని చెప్పే సూచన. ఆడేది కొద్దిమంది, అనుభవించేది ప్రజలందరూ. ఈ అంశం క్రీడా వ్యంగ్యచిత్రాన్ని అర్థం చేసుకోవడానికి కీలకం.

తెలుగు రాజకీయపరిభాషను గమనిస్తే ఆటల పొరలు స్పష్టంగా కనబడతాయి.

అ) జూదం, పేకాట: పాచిక పారలేదు, తురుపుముక్క, పందెం కాయడం.
ఆ) చదరంగం: పావులు కదపడం, ఎత్తులు, పైఎత్తులు.
ఇ) కోడిపందెం, కుస్తీ: బరిలో దిగడం, గోదాలోకి దూకడం, తొడ చరచడం, పట్టు బిగించడం.
ఈ) క్రికెట్, ఫుట్‌బాల్ వంటి అంతర్జాతీయ క్రీడలు: గూగ్లీ, క్లీన్ బౌల్డ్, హిట్ వికెట్, రెండో ఇన్నింగ్స్, సెల్ఫ్ గోల్, సెమీ ఫైనల్, హ్యాట్రిక్.

మొదటి మూడు పొరలు తరతరాలుగా వస్తున్నవి. నాలుగోది రేడియో, టెలివిజన్ల ద్వారా వచ్చి చేరింది. కార్టూనిస్టు ఈ నాలుగు పొరలనూ వాడుకొంటాడు. అతడు నాయకుణ్ణి గోదాలో నిలబెట్టినప్పుడు కొత్త ఊహను సృష్టించడం లేదు. నుడికారాన్ని అక్షరార్థంగా గీసి, అందులో నిద్రాణంగా ఉన్న బొమ్మను లేపుతున్నాడు. 'పట్టు బిగించాడు' అని వార్త రాసినప్పుడు ఎవరూ నవ్వరు. ఖద్దరు ధోవతి గోచి బిగించిన నాయకుడి బొమ్మ చూసినప్పుడు నవ్వుతారు. మాట అరిగిపోయినా బొమ్మ అరగదు.

ఉత్తరాంధ్రకు గోదా పొర మరింత దగ్గరిది. వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు (1882–1942) బలప్రదర్శనలతో దేశవిదేశాల్లో పేరుగాంచి 'కలియుగ భీముడు' అనిపించుకొన్నారు. వలసపాలన కాలంలో భారతీయుల శరీరాలను దుర్బలమైనవిగా చిత్రించే ఆంగ్ల పత్రికల ధోరణికి ఇటువంటి మల్లుల దేహమే ఒక ప్రతిచిత్రం.

4. 1925: ఒక క్రికెటర్ బొమ్మ, రెండు నగరాలు:

క్రీడలపై గీసిన వ్యంగ్యచిత్రం దేశాల సరిహద్దులు దాటినప్పుడు ఏమవుతుందో చెప్పే తొలి ఉదాహరణల్లో ఒకటి 1925 నాటిది. ఆ ఆగస్టులో ఇంగ్లాండు బ్యాట్స్‌మన్ జాక్ హాబ్స్, డబ్ల్యు.జి.గ్రేస్ పేరిట ఉన్న 126 ఫస్ట్‌క్లాస్ శతకాల రికార్డును అందుకొన్నాడు. ఆంగ్ల పత్రికలు దీనిని చరిత్రలోనే మహాఘట్టంగా కొనియాడాయి. ఆ ఉత్సాహాన్ని ఎగతాళి చేస్తూ డేవిడ్ లో 'ది స్టార్' పత్రికలో ఒక బొమ్మ గీశాడు. చరిత్ర ప్రముఖుల విగ్రహాల వరుసలో హాబ్స్ విగ్రహాన్ని మిగతావాటికంటే ఎన్నో రెట్లు పెద్దదిగా చూపాడు. ఆ చిన్న విగ్రహాలలో ఇస్లాం ప్రవక్త పేరిట ఒకటి ఉండడం ముస్లింలను నొప్పించింది. లండన్‌లో అభ్యంతరం వ్యక్తం కాగా పత్రిక విచారం తెలిపింది. కలకత్తాలో నిరసనలు జరిగాయి. లో తన ఆత్మకథలో ఈ ఉదంతాన్ని ప్రస్తావించాడు.

ఇక్కడ చిత్రకారుడి లక్ష్యం పత్రికల క్రీడావ్యామోహం. లండన్ పాఠకుడు అతిశయోక్తిని అతిశయోక్తిగా చదివాడు. ఆరాధ్యుల రూపచిత్రణను అంగీకరించని సమాజానికి ఆ అతిశయోక్తి కంటే ముందు ఆ విగ్రహమే కనిపించింది. బొమ్మకు భాష అక్కరలేదన్న మాట సగమే నిజం. బొమ్మకూ సందర్భమనే భాష ఉంటుంది. వలసపాలనలో ఆ సందర్భాన్ని నిర్ణయించే అధికారం పాలకుల నగరానికే ఉండేదన్న స్పృహ కూడా ఆ నిరసనల వెనుక లేకపోలేదు.

ఆ హాబ్స్‌నే 1930–31లో తన జట్టు తరఫున ఆడడానికి హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌తో పాటు భారతదేశానికి రప్పించినవారు విజయనగరం మహరాజ్‌కుమార్.

5. 1936: నాయకుడి పరిమాణం, ఆటగాడి పరిమాణం:

'విజ్జీ'గా ప్రసిద్ధుడైన పూసపాటి విజయానంద గజపతి రాజు (1905–1965) విజయనగర సంస్థానాధీశుడి రెండవ కుమారుడు. కాశీలో నివసిస్తూ సొంత జట్టును పోషించారు. ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్ల మైదానంలో వైస్రాయి విల్లింగ్‌డన్ పేరిట పెవిలియన్ కట్టడానికి ధనమిచ్చారు. ఇటువంటి ప్రాపకంతో 1936లో ఇంగ్లాండు పర్యటించిన భారత జట్టుకు నాయకులయ్యారు.

దీనికి పూర్వరంగం 1932 పర్యటన. ఆనాడు నాయకుడిగా వెళ్లిన పోర్‌బందరు మహారాజు, జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన భారతదేశపు తొలి టెస్టులో తాను తప్పుకొని సి.కె.నాయుడుకు బాధ్యత అప్పగించారు. నాగపూరులో తెలుగు కుటుంబంలో జన్మించిన కొఠారి కనకయ్య నాయుడు అలా భారత తొలి టెస్టు కెప్టెన్ అయ్యారు. 1936లో అటువంటి విజ్ఞత కనిపించలేదు. విజ్జీ మూడు టెస్టులూ ఆడి ఆరు ఇన్నింగ్స్‌లలో 33 పరుగులు చేశారు. తొలి టెస్టుకు ముందే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట స్వదేశానికి పంపించివేశారు. జట్టు 2–0తో ఓడిపోయింది. అదే ఏడాది ఆయనకు 'సర్' బిరుదు లభించింది. 1937లో వచ్చిన బ్యూమాంట్ కమిటీ నివేదిక ఆయన నాయకత్వాన్ని తప్పుపట్టింది.

కిరీటం పెద్దది, స్కోరు చిన్నది. క్యారికేచర్‌కు కావలసిన వైషమ్యం ఈ జీవితంలోనే సిద్ధంగా ఉంది. అందుకే విజ్జీ చుట్టూ క్రికెట్ రచనల్లో ఒక 'వాచిక వ్యంగ్యచిత్రమాల' అల్లుకొంది. ప్రత్యర్థి కెప్టెన్‌కు బంగారు గడియారం ఇచ్చి తేలిక బంతులు వేయించుకొన్నాడన్నది ఒక కథ. పులుల్ని వేటాడిన సంగతి ఆయన చెప్పుకొంటే, మీ వ్యాఖ్యానం వినిపించే ట్రాన్సిస్టర్ వదిలి వస్తే అవే విసుగెత్తి చచ్చి ఉంటాయనుకొన్నానని వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్ అన్నాడన్నది మరొకటి. ఇవి ఎంతవరకు యథార్థాలన్న దానికంటే, ఎందుకు నిలిచాయన్నది ముఖ్యం. జట్టులో చోటు ప్రతిభకా, ప్రాపకానికా అన్న ప్రశ్నను సామాన్యుడు నేరుగా అడగలేని కాలంలో నవ్వు ఆ ప్రశ్నను అడిగింది.

అయితే క్యారికేచర్ చరిత్ర కాదు. మేటి ఆటగాళ్లను దేశానికి రప్పించడం, 1954–57 మధ్య క్రికెట్ బోర్డు అధ్యక్షత, 1962లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నిక వంటివి ఆ హాస్యకథల్లో ఇమడవు. ఒక్క లక్షణంపైనే బరువెక్కించే కళ మిగిలిన లక్షణాలను తేలిక చేసి తీరుతుంది. వ్యంగ్యచిత్రాన్ని చారిత్రక ఆధారంగా తీసుకొనే పరిశోధకులు దానిని వ్యక్తి గురించిన సాక్ష్యంగా కాక, ఆనాటి సమాజపు అసంతృప్తి గురించిన సాక్ష్యంగా చదవాలి.

6. 1937: బొబ్బిలిలో మరో పోటీ:

విజ్జీ ఇంగ్లాండులో ఉన్న వేసవిలోనే మద్రాసు రాజకీయాలు మలుపు తిరుగుతున్నాయి. బొబ్బిలి రాజా రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు 1932 నవంబరు నుండి జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా ఉన్నారు. 1936 ఏప్రిల్ నుండి ఆగస్టు వరకు పి.టి.రాజన్ ఆ పదవి నిర్వహించగా, ఆగస్టు 24న రాజా తిరిగి బాధ్యతలు చేపట్టారు. ఓవల్‌లో చివరి టెస్టు ముగిసి అప్పటికి వారమైనా కాలేదు.

1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాపై కాంగ్రెసు తరఫున పోటీ చేసినవారు కార్మిక నాయకుడు వరాహగిరి వెంకటగిరి. సొంత సంస్థానపు గడ్డపై రాజా ఓడిపోయారు. రాష్ట్రంలో 215 స్థానాలకు గాను కాంగ్రెసు 159 గెలుచుకొంది. ఆ ఎన్నికల్లో రంగుల పెట్టెల పద్ధతి ఉండేది. కాంగ్రెసుది పసుపుపచ్చ పెట్టె. అక్షరం రాని ఓటరు కూడా రంగు చూసి ఓటు వేయగలిగాడు. పత్రికలోని వ్యంగ్యచిత్రం పాఠకుణ్ణి ఏ దృశ్యజ్ఞానంతో పలకరిస్తుందో, ఆ పెట్టె ఓటరును అదే దృశ్యజ్ఞానంతో పలకరించింది.

జమీందారీ వైభవానికి ఎదురుగా కార్మికసంఘం మనిషి నిలబడడం వామన–బలి కథను గుర్తుచేసే సన్నివేశం. వ్యంగ్యచిత్రానికి అనువైన కూర్పు. కాని ఈ పోటీని 1936 నాటి పోటీతో పోల్చినప్పుడే అసలు భేదం తెలుస్తుంది. భారత జట్టు నాయకుణ్ణి నిర్ణయించినది సంస్థానాధీశుల, అధికారుల వర్గం. ప్రేక్షకులు చప్పట్లు కొట్టగలరు, గొణగగలరు, అంతే. బొబ్బిలిలో నిర్ణయం ఓటరుది. ఆస్తి, విద్యార్హతలతో పరిమితమైన ఓటుహక్కే అయినప్పటికీ ఫలితం మైదానం వెలుపలివారి చేతిలో ఉంది.

ఎన్నికను ఆటగా చిత్రించే ప్రతి వ్యంగ్యచిత్రమూ ఈ భేదాన్ని తుడిచివేసే ప్రమాదం ఉంది. ఆటలో ఇద్దరు పోటీదారులుంటారు, అంపైరు ఉంటాడు, ప్రేక్షకులుంటారు. పౌరుడికి ఆ బొమ్మలో మిగిలేది గ్యాలరీలో కుర్చీయే. అమెరికాలో 1860 ఎన్నికలప్పుడు లింకన్‌నూ, ఆయన ప్రత్యర్థులనూ బేస్‌బాల్ ఆటగాళ్లుగా చూపుతూ కరియర్ అండ్ ఐవ్స్ సంస్థ ప్రచురించిన బొమ్మలో నలుగురు నాయకులున్నారు. ఓటరు లేడు. ఆర్.కె.లక్ష్మణ్ 'కామన్ మ్యాన్' విశిష్టత ఇక్కడే ఉంది. అతడు మాట్లాడడు, ఆడడు. అయినా చట్రంలో ఉంటాడు. అతడి ఉనికే ఆ ఆటపై తీర్పు.

7. 1983 తరువాత:

1982 జూలైలో 'బొబ్బిలి పులి' చలనచిత్రం విడుదలైంది. ఆ చిత్ర కథానాయకుడు నందమూరి తారక రామారావు 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అదే ఏడాది జూన్ 25న లార్డ్స్‌లో కపిల్‌దేవ్ జట్టు ప్రపంచకప్ గెలిచింది. 1932లో తొలి టెస్టు మొదలైన తేదీ, మైదానం కూడా అవే కావడం విశేషం. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల కాలంలో మొదలైన రంగుల టెలివిజన్ ప్రసారాలు క్రమంగా పల్లెలకు చేరాయి. క్రికెట్ పరిభాష ఆంగ్లం చదువుకొన్నవారి సొత్తు కాకుండా పోయింది. 1996 ఫిబ్రవరి 23న విశాఖపట్నంలో ఆస్ట్రేలియా, కెన్యాల మధ్య ప్రపంచకప్ మ్యాచ్ జరిగినప్పుడు అంతర్జాతీయ క్రీడ ఉత్తరాంధ్ర ముంగిటికే వచ్చింది.

ఈ కాలంలోనే తెలుగు దినపత్రికల్లో రాజకీయ వ్యంగ్యచిత్రం మొదటి పుటకు చేరింది. 'ఈనాడు'లో శ్రీధర్ దాదాపు నాలుగు దశాబ్దాలు గీశారు. 'ఉదయం' మొదలైన పత్రికల్లో మోహన్ గీతతో పాటు 'కార్టూన్ కబుర్లు' వంటి రచన ద్వారా ఈ కళపై ఆలోచనను కూడా పెంచారు. 'సాక్షి' చిత్రకారుడు పామర్తి శంకర్ గీసిన నెల్సన్ మండేలా క్యారికేచర్‌కు 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రి లభించింది. 1995 రగ్బీ ప్రపంచకప్‌లో శ్వేతజాతీయుల జట్టుగా ముద్రపడిన జట్టు చొక్కా తొడుక్కొని జాతుల మధ్య దూరాన్ని తగ్గించిన మండేలా బొమ్మ, తెలుగు చిత్రకారుడిని అంతర్జాతీయ పోటీలో విజేతగా నిలపడం ఈ చర్చలో గుర్తుంచుకోదగిన అంశం.

8. గీత దాటే చోటు:

తెలుగులో 'గీత' అనే మాట చిత్రకారుడి రేఖకూ, ఆటస్థలపు హద్దుకూ ఒకటే. క్రీడాకారుల శరీరాన్ని చిత్రించేటప్పుడు ఈ రెండు గీతలూ ఢీకొంటాయి. 2018 సెప్టెంబరులో యు.ఎస్. ఓపెన్ ఫైనల్ అనంతరం ఆస్ట్రేలియా పత్రిక 'హెరాల్డ్ సన్'లో మార్క్ నైట్ సెరెనా విలియమ్స్‌ను గీసిన తీరు జాత్యహంకారంతో కూడినదని ప్రపంచవ్యాప్తంగా విమర్శలు వచ్చాయి. ఆమె ప్రవర్తనపైనే వ్యంగ్యమని పత్రిక సమర్థించుకొంది. 2019లో ఆస్ట్రేలియా ప్రెస్ కౌన్సిల్ అది ప్రమాణాల ఉల్లంఘన కాదని తేల్చింది. నియమాల ప్రకారం తప్పు కానిది చరిత్రస్మృతి ప్రకారం గాయం కావచ్చునని ఈ ఉదంతం తెలుపుతుంది. నల్లజాతివారి పెదవులను, శరీరాన్ని ఉబ్బించి గీయడం ఒక శతాబ్దపు అవమానపరంపర. ఆ పరంపరలో గీసిన గీత నిర్దోషిగా మిగలదు.

మన సమాజానికీ ఇది వర్తిస్తుంది. ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటలో ఎదిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం సాధించారు. నెల్లిమర్ల సమీపంలోని కొండవెలగాడ గ్రామం నుండి వచ్చిన మత్స సంతోషి 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చారు. బరువెత్తే స్త్రీ దేహం నవ్వుకు వస్తువు కాదు. 2016 రియో ఒలింపిక్స్‌లో పి.వి.సింధు రజతం గెలిచినప్పుడు తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3 కోట్లు ప్రకటించాయి. ఆమె ఏ రాష్ట్రానికి చెందినదన్న చర్చ సాగింది. అక్కడ వ్యంగ్యానికి తగిన వస్తువు క్రీడాకారిణి కాదు, పతకం వచ్చాక మెడ చాచే ప్రభుత్వాలు. నవ్వు పైనున్నవారిని తాకినప్పుడు వ్యంగ్యం, కిందనున్నవారిని తాకినప్పుడు అవహేళన అవుతుంది.

9. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. క్రీడారూపకం తెలుగు రాజకీయ వ్యంగ్యచిత్రానికి కేవలం పాశ్చాత్యుల నుండి వచ్చినది కాదు. జూదం, కోడిపోరు, చదరంగం, గోదా వంటి దేశీయ మూలాలపై అంతర్జాతీయ క్రీడల పరిభాష పొరగా చేరింది.

2. 1925 నాటి హాబ్స్ చిత్రం, 2018 నాటి సెరెనా చిత్రం వ్యంగ్యచిత్రానికి ఒకే అర్థం ఉండదని, చూసే సమాజపు స్మృతిని బట్టి అది మారుతుందని నిరూపిస్తున్నాయి.

3. విజ్జీ చుట్టూ అల్లుకొన్న హాస్యం ప్రాపకంపై ప్రజల అసంతృప్తికి సాక్ష్యమే కాని, ఆ వ్యక్తి సమగ్రచిత్రం కాదు.

4. ఎన్నికను ఆటగా గీసినప్పుడు పౌరుడు ప్రేక్షకుడిగా కుదించుకుపోతాడు. 1937 బొబ్బిలి ఫలితం ఆ రూపకాన్ని కాదంటుంది. కాబట్టి ఏ క్రీడా వ్యంగ్యచిత్రాన్ని చదివినా అందులో పౌరుడు ఎక్కడ ఉన్నాడన్నది మొదటి ప్రశ్న కావాలి.

దినపత్రిక మరునాటికి పొట్లం కాగితమవుతుంది. దానితో పాటే ఆనాటి బొమ్మా పోతుంది. శాసనాలను, తాళపత్రాలను సేకరించినంత శ్రద్ధతో వ్యంగ్యచిత్రాలను తేదీ, సందర్భం, పత్రిక పేర్లతో సహా భద్రపరచి, జిల్లా గ్రంథాలయాల్లో, విశ్వవిద్యాలయ తెలుగుశాఖల్లో అందుబాటులో ఉంచడం తక్షణావసరం. బొబ్బిలి యుద్ధాన్ని పాట నిలిపింది. ప్రజాస్వామ్యపు పోరులను ప్రజలు ఎలా చూశారో రేపటివారికి చెప్పేవాటిలో ఆ చిన్న బొమ్మలు ముఖ్యమైనవి.